జేజి పోయిన సంగతి పంతొమ్మిది రోజులు దాచారు. దాచొచ్చా?

కావలి కుర్రోడు (చర్చ మొదలుపెట్టినవారు):

మాది కావలి దగ్గర పల్లె. తూర్పు జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో మాస్టర్స్ చేస్తున్నాను. ఇది మొదటి ఏడాది. దూరదేశంలో పరీక్షలు రాస్తున్న పిల్లాడికి ఇంట్లో చావు కబురు దాచొచ్చా, దాచకూడదా? ఇదే నా ప్రశ్న. జరిగింది చెబుతాను, తర్వాత తిట్టేవాళ్ళు తిట్టండి.

మా జేజి, అంటే నాన్నని కన్నతల్లి, జనవరి ఆఖరులో పోయింది. నాకు తెలిసింది పంతొమ్మిది రోజులకు. చెప్పింది ఇంట్లోవాళ్ళు కూడా కాదు. మా ఊరి ఫ్రెండ్ ఒకడు కొత్త బండి కొని, సెంటర్లో బస్ షెల్టర్ ముందు నిలబెట్టి ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. ఏం బండో చూద్దామని రెండు వేళ్ళతో పెద్దది చేశాను. బండి వెనక షెల్టర్‌కి కట్టిన ఫ్లెక్సీలో మా జేజి ఉంది. చుట్టూ పూల బొమ్మలు. కింద నాన్న పేరు, బాబాయిల పేర్లు, మనవళ్ళ వరసలో నా పేరు. పెద్దకర్మకి అందరినీ రమ్మని పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ పంతొమ్మిది రోజులూ వీడియో కాల్ మాట్లాడుతూనే ఉన్నాం. నాకు సాయంత్రం నాలుగంటే ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నర, అన్నాల వేళ. మధ్యలో ఒకరోజు నాన్న గుండుతో కనబడ్డాడు. ఏంది నాన్నా అంటే, "తిరుపతి పోయొచ్చాంలే, ఎప్పటిదో మొక్కు" అన్నాడు. నేను నవ్వి, లడ్డు దాచిపెట్టండి, ఎవరన్నా వచ్చేటప్పుడు పంపించండి అన్నాను. అమ్మ ఫోన్ ఫ్యాను వైపు తిప్పేసింది. జేజి ఏదంటే ఒకరోజు నిద్రపోతోంది, ఒకరోజు చిన్న బాబాయి ఇంటికి పోయింది, ఇంకోరోజు చెవులు బొత్తిగా వినబడటం లేదు నాయనా, ఫోన్లో ఎందుకులే. అన్నీ నమ్మాను. ఫ్లెక్సీ చూసేసరికి ఇంకా రెండు పేపర్లు మిగిలాయి. రాశాను. ఏం రాశానో అడగొద్దు.

ఇక్కడి బతుకు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జనవరిలో నాలుగున్నర దాటితే చీకటే. ఆదివారం కొట్లు మూసేస్తారు, శనివారం మర్చిపోతే ఆదివారం ఉన్నదే తినాలి. ఆరుగురికి ఒకటే వంటగది. వచ్చిన కొత్తలో పప్పుకి తాలింపు పెడితే పొగకి అలారం మోగి, అందరూ చలిలో చెప్పులతో బయటికొచ్చి నిలబడ్డారు. అప్పటినుంచి తాలింపు లేని పప్పే. రోజు మొత్తంలో ఆ అరగంట కాలే నాకు ఇల్లు. ఆ అరగంటలోనే నాటకం ఆడారు.

ఇంకొకటి. నేను బయల్దేరే ముందు జేజి నెల్లూరు రొట్టెల పండక్కి పోయి, స్వర్ణాల చెరువులో దిగి, నా పేరు మీద విదేశీ రొట్టె, అంటే విదేశం పోవాలని కోరుకునేవాళ్ళు అందుకునే రొట్టె, అందుకుంది. కోరిక తీరితే మరుసటేడు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. నాకు వీసా వచ్చింది. రొట్టె బాకీ అట్టే ఉంది.


పాత హెడ్మాస్టరు (ఒంగోలు):

అబ్బాయ్, మీ జేజమ్మ ఆత్మకు శాంతి. నేను మాత్రం మీ నాన్న వైపే.

1974లో నేను వాల్తేరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆఖరి పరీక్షలు రాస్తున్నాను. మా అక్క పురిట్లో పోయింది. బిడ్డ బతికింది. ఆ రోజుల్లో తంతి (టెలిగ్రాం) తెచ్చేవాడు సైకిల్ మీద వీధిలోకి వస్తేనే ఆడవాళ్ళు ఏడుపు అందుకునేవారు, కవరు చింపేదాకా కూడా ఆగేవారు కాదు. మా నాయన నాకు తంతి ఇవ్వలేదు. పన్నెండు రోజులు ఆగి కార్డు రాశాడు. సరిగ్గా పరీక్షలైన మర్నాడు నా చేతికి అందేలా లెక్క చూసుకుని పోస్టు చేశాడు. అందులో నాలుగే వాక్యాలు. ఆ తంతి కూడా 2013 జులైలో మూతపడింది, మీ తరానికి తెలియదు.

నాకూ నీలాగే కోపం వచ్చింది. కానీ చూడు, ఆ పరీక్ష పోయుంటే నాకు ఉద్యోగం లేదు. ఆ జీతంతోనే అక్క కూతుర్ని పెంచాను, చదివించాను, పెళ్ళి చేశాను. ఏడుపుకి గడువు లేదు, ఎప్పుడైనా ఏడవచ్చు. పరీక్ష తేదీ మన కోసం ఆగదు.


చీమకుర్తి రాయి:

పొలాలు తాకట్టు పెట్టి పంపిస్తే చదువుకోకుండా ఈ సెంటిమెంట్లేంది. మీ నాన్న చేసింది కరెక్ట్. పేపర్లు పోతే ఎవరు కడతారు బ్రో?


కావలి కుర్రోడు:

రాయి గారూ, తాకట్టు మాట నిజమే. మా యూనివర్సిటీలో ఫీజు లేదు. అయినా వీసాకి ముందే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో చూపించాలి. దాన్నుంచి నెలకు 992 మన చేతికొస్తాయి. ఆ డబ్బు ఎకరంన్నర మీద పుట్టింది. జేజి వేలిముద్ర కూడా ఉంది ఆ కాగితాల మీద. నాకు ఆమె చావు చెప్పడానికి అడ్డమొచ్చిన అప్పు మీద ఆమె వేలిముద్రే ఉంది, అర్థమైందా.


మైపాడు అల (మెల్బోర్న్):

మాస్టారూ, మీ నాన్నగారి చేతిలో కార్డుంది. డబ్బాలో ఎప్పుడెయ్యాలో ఆయన ఇష్టం. ఇప్పుడు ఆ డబ్బా ఎవరి చేతిలో ఉంది? బండి కొన్నవాడి చేతిలో, ఫ్లెక్సీ కొట్టినవాడి చేతిలో, ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది. దాచగలిగితే దాచండి, నేను వద్దనను. దాచలేరు. పరీక్షలు చెడకూడదని దాచారు, తెలిసింది సరిగ్గా పరీక్షల మధ్యలో.

నా సంగతి చెప్తాను. 2021 నవంబరులో పెన్నా పొంగింది. మా ఇల్లు కోవూరు వైపు. నేను ఫోన్ చేస్తే అమ్మ, "చినుకులు పడుతున్నాయంతే, నువ్వు తిన్నావా?" అంటోంది. నేను అదే ఫోన్లో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడటం చూస్తున్నాను. వరద మా ఇంట్లో మంచం కోళ్ళు మునిగేదాకా వచ్చిందని, బియ్యం డబ్బా అటక మీదకెక్కించి రాత్రంతా మేడ మీద కూర్చున్నారని తర్వాత మా అత్త చెప్పింది. అప్పట్లో కరోనా వల్ల ఆస్ట్రేలియా గేట్లు మూసేసి ఉన్నాయి. స్టూడెంట్లకు డిసెంబరు 15న గానీ తెరవలేదు. ఇంటికి పోతే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో తెలియదు. కాబట్టి అమ్మ చెప్పినా నేను చేసేది ఏమీ లేదు, నిజమే.

కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా. అమ్మ "బాగున్నాం" అంటే ఇప్పుడు నాకు అర్థం లేదు. కాల్ పెట్టేయగానే నెల్లూరు వార్తలు తెరుస్తాను, వాన ఉందా, యాక్సిడెంట్ ఉందా అని. అత్తకి వేరేగా ఫోన్ చేసి అదే ప్రశ్న ఇంకోలా అడుగుతాను. వాళ్ళు నిజంగా బాగున్న రోజు కూడా నాకు నిద్ర పట్టదు. ఒక్క వరద దాచినందుకు ఇది నాలుగేళ్ళుగా నడుస్తోంది.

కావలి తమ్ముడూ, రొట్టె సంగతి తర్వాత మాట్లాడదాం, అది నాకు తెలిసిన విషయమే.


ఇద్దరు పిల్లల అమ్మ (ఒంగోలు):

ఇక్కడ రాసేవాళ్ళంతా దాపరికం వల్ల దెబ్బతిన్నవాళ్ళే. దాచినవాళ్ళెవరూ నోరు మెదపరు. నేను దాచాను, చెబుతాను.

మా పెద్దవాడు టెక్సాస్‌లో చదువుతున్నాడు. అక్టోబరులో మా ఆయనకి గుండెల్లో నొప్పి వస్తే రాత్రికి రాత్రి తీసుకెళ్ళాం, స్టెంట్ వేశారు. దేవుడి దయ, వాడు వెళ్ళేముందే మా ఇద్దరికీ ఆరోగ్య బీమా చేయించాడు కాబట్టి చాలావరకు అందులోనే పోయింది. వాడికి మాత్రం ఇప్పటికీ తెలియదు. మనకి రాత్రి ఎనిమిదిన్నరకి వాడికి పొద్దున పది, క్లాసుకి పోతూ చేస్తాడు. ఆ మూడు రోజులూ ఐసీయూ బయట వరండాలో తెల్లగోడకి ఆనుకుని మాట్లాడాను. "ఏంటమ్మా, కొత్తగా వెల్ల వేయించారా?" అన్నాడు. ఆఁ అన్నాను. "నాన్నేడి" అంటే పొలం మీద ఉన్నాడు, సిగ్నల్ లేదు అన్నాను.

తెలుసుకోవడం మా హక్కు అన్నట్టు మాట్లాడుతున్నారు మీ పిల్లలు. సరే నాయనా, చెప్పాననుకో. ఏం చేస్తావు? వస్తావా? రాలేవు. సెమిస్టరు మధ్యలో వదిలేస్తే వీసా ఏమవుతుందో అని భయం. ఉద్యోగం చూద్దామంటే క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలే. టికెట్టుకి మళ్ళీ మేమే పంపాలి. రాలేక అక్కడ కూర్చుని ఏడుస్తావు. గంటకోసారి ఫోన్ చేసి "ఇప్పుడెలా ఉంది, డాక్టరేమన్నాడు, వేరే ఆస్పత్రికి మార్చండి" అంటావు. ఆ మూడు రోజులు నేను కూర్చుని ఏడవడానికే తీరిక దొరకలేదు. నిన్నెక్కడ ఓదార్చను?

కావలి బాబూ, నిన్ను అనడం లేదు. మీ అమ్మ ఫోన్ ఫ్యాను వైపు ఎందుకు తిప్పిందో అది ఒక్కటి ఆలోచించు.


కావలి కుర్రోడు:

అమ్మా, మీరడిగినదానికి నిజమే చెబుతాను. రాలేకపోయేవాణ్ణే. నా వీసా గడువు దగ్గరపడింది, ఇక్కడి పర్మిట్ కార్డుకి అపాయింట్‌మెంట్ ఇంకా దొరకలేదు. బయటికి పోతే ఏ కాగితం చూపించి లోపలికి రావాలో ఎవరూ తేల్చి చెప్పరు.

ఏం చేసేవాడివి అన్నారు కదా. తలకి స్నానం చేసేవాణ్ణి. ఆ రోజు గదిలో తలుపేసుకుని ఏడ్చేవాణ్ణి. నాన్నని తిరుపతి లడ్డు అడిగేవాణ్ణి కాదు.


లెక్కల మనిషి:

ఇక్కడ రెండు వేరే విషయాలు కలిసిపోయాయి. కబురు చెప్పడం ఒకటి, మనిషి రావడం ఇంకొకటి. రాలేడు కాబట్టి చెప్పొద్దు అనేది లెక్క కాదు. మాస్టారి కాలంలో శవాన్ని ఆపే దారి లేదు. ఇప్పుడు ఫ్రీజర్ బాక్సు మండల కేంద్రంలో కూడా అద్దెకు దొరుకుతోంది, పిల్లలు వచ్చేదాకా రెండు రోజులు ఉంచుతున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి చెన్నైకి నేరుగా విమానం ఉంది. చెన్నై నుంచి కావలి రోడ్డు మీద నాలుగైదు గంటలు. కాగితాలు సరిగ్గా ఉన్నవాడు రాగలడు. లేనివాడు రాలేడు. అది వాణ్ణే తేల్చుకోనివ్వాలి.

నేను 2018లో అమెరికా పోయేటప్పుడు ఇంట్లో ఒప్పందం చేసుకున్నాం. మంచైనా చెడైనా ఆరు గంటల్లో నాకు తెలియాలి. నాన్న ఒప్పుకున్నాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా. 2020 ఏప్రిల్‌లో అమ్మ పోయింది. గంటలో ఫోన్ వచ్చింది. కరోనా లాక్‌డౌన్, విమానాలే లేవు, బయట చిక్కుకున్న మనవాళ్ళని తెచ్చే వందే భారత్ విమానాలు మే 7న గానీ మొదలవలేదు. చావుకి ఇరవై మందికి మించి రాకూడదన్న రోజులు. మా పెద్దమ్మ కొడుకు ఫోన్ పట్టుకుని శ్మశానం దాకా నడిచాడు. వాడు నడుస్తుంటే నాకు ఆకాశం, వాడి చెప్పులు, మళ్ళీ ఆకాశం కనబడేవి. ఎవరో "ఛార్జింగ్ చూడరా" అన్నారు. చితి దగ్గరికి వెళ్ళాక బొమ్మ ఆగిపోయింది, మాట మాత్రం వినబడుతూ ఉంది. ఆగిపోయిన ఆ బొమ్మ ఇప్పటికీ పోలేదు.

కాబట్టి నా ఓటు చెప్పడానికే. వీడియో మాత్రం చూడకండి. ఎవరు పెడతామన్నా వద్దనండి.


కనిగిరి చెల్లెలు:

రెండు రోజులుగా చదువుతున్నాను. దాచడమే మేలన్నవాళ్ళు రాశారు, దాచిన అమ్మ రాసింది, మోసపోయిన పిల్లలు రాశారు. ఆ నాటకం రోజూ వేసినవాళ్ళ గురించి ఎవరూ అనలేదు. అది నేనే.

మా అన్న ఇంగ్లండులో చదివేవాడు. తాత పోయినప్పుడు వాడికి డిసర్టేషన్ ఇవ్వడానికి తొమ్మిది రోజులు టైముంది. "చెప్పొద్దు" అని నాన్న ఒక్క మాట అని పనుల్లో పడ్డాడు. ఆయన ఫోన్ తీయడు, దొరికిపోతానని భయం. అమ్మ తీస్తే ఏడుస్తుంది. మిగిలింది ఎవరు? డిగ్రీ రెండో సంవత్సరం చదివే నేను. వాడు సాయంత్రం ఏడింటికి చేస్తాడు. ఆరున్నరకల్లా మొహం కడుక్కుని, పౌడర్ రాసుకుని, బొట్టు పెట్టుకుని మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయేదాన్ని. కింద పరామర్శకి వచ్చినవాళ్ళ గొంతులు. ఏంటి ఆ గోల అంటే పక్కింట్లో ఫంక్షన్ అని చెప్పాను. మూడో రోజు వాడికి అక్కడ ఏదో బాధ, గదిలో ఒక్కణ్ణే, వంట రాదు, వాన, ఎవరూ పలకరించరు, అంతా చెప్పుకున్నాడు. అరగంట విన్నాను. చివర్లో వాడు, "నీకేంలే, హాయిగా ఇంట్లో ఉన్నావు" అన్నాడు.

నా తాత కాదా ఆయన? నాకు సైకిల్ నేర్పింది ఆయనే. తొమ్మిది రోజులు నేను ఏడవలేదు, కళ్ళు వాస్తే కెమెరాలో తెలుస్తుందని.

తెలిశాక అన్న నాన్నతో వారంలో మామూలుగా మాట్లాడాడు. నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. "నువ్వన్నా చెప్పుండాల్సింది" అంటాడు. పెద్దవాళ్ళని అనలేరు కాబట్టి చిన్నవాళ్ళని అంటారు. కావలి అన్నా, మీ ఇంట్లో రోజూ ఫోన్ ఎత్తింది ఎవరో చూసుకోండి. ఒంగోలు అమ్మగారూ, మీ రెండో బిడ్డ ఆ మూడు రోజులు ఏం చేసిందో నాకు తెలుసుకోవాలని ఉంది.


మైపాడు అల:

చెల్లీ, నువ్వు రాసింది మా తమ్ముడికి పంపించాను. వరదప్పుడు "చినుకులే అక్కా" అని మెసేజ్ పెట్టింది వాడు.

మాస్టారూ, ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. కోపం వచ్చింది అన్నారు. అది ఎన్నాళ్ళుంది? మీ నాన్నగారితో దాని గురించి మాట్లాడారా?


పాత హెడ్మాస్టరు:

మాట్లాడుకుంటూనే ఉన్నాం అమ్మా. పొలం గురించి, ట్రాన్స్‌ఫర్ల గురించి, మేనకోడలి ఫీజుల గురించి మాట్లాడుకున్నాం. ఆయన 1991లో పోయారు. అక్క పేరు మాత్రం మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు.

ఆయన చేసింది తప్పని ఇప్పటికీ అనను.


చీమకుర్తి రాయి:

మొన్న కొంచెం ఎక్కువ రాశాను, సారీ బ్రో. ఒక డౌట్. ఏటిసూతకం ఉంటుంది కదా, మీవాళ్ళు ఈ ఏడు రొట్టెల పండక్కి పోవచ్చా?


మైపాడు అల:

నేను చిన్నప్పటినుంచి చూసినంతవరకు బారా షహీద్ దర్గా దగ్గర నీకు సూతకం ఉందా, నీ కులమేంది, మతమేంది అని అడిగినవాళ్ళు లేరు. గుడికి పోకూడదంటారు, అది వేరే. చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి "విదేశీ రొట్టె, విదేశీ రొట్టె" అని అరిస్తే చాలు, అందుకునేవాళ్ళు ఎగబడి వస్తారు. కావలి తమ్ముడూ, కోరుకున్నది జేజి అయినా తీరింది నీ కోరిక. మీ అమ్మ ఇచ్చినా చెల్లుతుంది, చెల్లెలు ఇచ్చినా చెల్లుతుంది. మా ఇంట్లో నా రొట్టె మా అత్త ఇచ్చింది.


కావలి కుర్రోడు:

అందరికీ ఒకేసారి రాస్తున్నాను. నిన్న మా చెల్లికి ఫోన్ చేశాను. నిజమే, పంతొమ్మిది రోజుల్లో పదహారు రోజులు ఫోన్ ఎత్తింది అదే. "సారీ" అన్నాను. "దేనికి" అంది. చెప్పడం రాలేదు. "కారందోశ తిన్నావా" అని ఏదో అడిగి పెట్టేశాను. మళ్ళీ చేస్తాను.

ఇంకొక సంగతి మొదట్లో రాయలేదు. జేజికి పళ్ళు లేవు. ఆకూవక్కా చిన్న ఇనప రోట్లో దంచుకుని నోట్లో వేసుకునేది. నేను ఎప్పుడు ఫోన్ చేసినా అన్నాలయ్యాక వెనక నుంచి టక టక టక అని ఆ చప్పుడు ఉండేది. నేను విసుక్కునేవాణ్ణి కూడా, "జేజీ, కాసేపు ఆపు, వినబడటం లేదు" అని. జనవరి ఆఖరు నుంచి ఆ చప్పుడు లేదు. పంతొమ్మిది రోజులు. నాకు తెలియలేదు. నాన్న గుండు చూశాను, గోడలు చూశాను, ఫోన్లో ఇల్లంతా చూశాను. చప్పుడు లేదని మాత్రం వినలేదు. మీ అందరి ముందు నాన్న మీద కోపం పెట్టాను గానీ అందులో సగం నా మీదే.

నేనూ దాస్తున్నాను, అది కూడా రాసేస్తాను. పార్సిల్ గోడౌన్‌లో రాత్రి పని మానేశానని ఇంట్లో చెప్పాను. మానలేదు. పని మీద ఉన్న రోజు కాల్ చేయాల్సొస్తే జాకెట్ మీద మెరిసే కోటు విప్పేసి లైబ్రరీలో ఉన్నానంటాను. వెనక బెల్టు తిరిగే చప్పుడు వస్తే హీటర్ అంటాను. అమ్మ నమ్ముతోంది. నమ్ముతోందనే అనుకుంటున్నాను.

మొన్న అమ్మని జేజి మంచం దగ్గరికి ఫోన్ తీసుకుపోమన్నాను. మంచం మేడ మీదకి ఎక్కించేశారు. ఆ జాగాలో చెల్లి చదువుకునే బల్ల వేశారు. రోలు వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంది. "ఇది నీకు పంపించేదా?" అంది అమ్మ. బరువు, కిలో పైనే ఉంటుంది, వచ్చేవాళ్ళ 23 కిలోల లగేజీలో అది పెడితే పచ్చళ్ళకి చోటుండదు అన్నాను. తర్వాత ఆలోచించి, పచ్చళ్ళు వద్దులే, అది పంపించు అన్నాను.

రొట్టె చెల్లి ఇస్తానంది.


ఇద్దరు పిల్లల అమ్మ:

కనిగిరి అమ్మాయీ, అడిగావు కాబట్టి చెబుతున్నా. మా రెండోది ఆ మూడు రోజులు హాస్టల్ నుంచి వచ్చి నాతోనే ఉంది. వాళ్ళన్న ఫోన్ చేసినప్పుడల్లా నా పక్కనే నిలబడి, నేను తడబడితే వెంటనే అందుకునేది. "సిగ్నల్ లేదు" అన్నది నా మాట కాదు, దానిదే. నీ పోస్టు చదివాక నిన్న రాత్రి దాన్ని అడిగాను, నీకేమనిపించిందే అని. సెమిస్టర్ ఉంది తర్వాత మాట్లాడదాం అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు.

అందుకని ఇవాళ పొద్దున్నే మావాడికి ఫోన్ చేసి, వాడికి అక్కడ రాత్రి భోజనాల వేళ, స్టెంట్ సంగతి చెప్పేశాను. మా ఆయన పక్కనే ఉన్నారు, వద్దని చేత్తో సైగ చేస్తూనే ఉన్నారు. వాడు ఏడుస్తాడనుకున్నాను, అరుస్తాడనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాన్న పొద్దున మాత్ర వేసుకున్నాడా?" అన్నాడు.

నీకెవరు చెప్పారురా అన్నాను. బీమా చేయించేటప్పుడు వాడి మెయిలే ఇచ్చాడట. మేము ఆస్పత్రిలో కాగితాల మీద సంతకాలు పెట్టిన రాత్రే, ఎవరికి, ఏ ఆపరేషను, ఎంత మంజూరైంది, అన్నీ వాడికి వెళ్ళాయి. మరి వెల్ల వేయించారా అని అడిగావేంటిరా అన్నాను.

"నువ్వు ఏం చెబుతావో చూద్దామని" అన్నాడు.